హిట్లర్ ఎత్తుకుపోయిన పింక్ కుందేలు: ఆ పిల్లకి తెలీనిది, మనకి తెలిసింది

నాజీల కాలం మీద పిల్లల పుస్తకం అంటే ముందు గుర్తొచ్చేవి క్యాంపులు, ముళ్ళకంచెలు, మనుషుల్ని కుక్కి పంపిన గూడ్స్ బళ్ళు. జూడిత్ కెర్ ఇంగ్లీషులో రాసిన 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్' 1971లో వచ్చింది, అందులో కథ ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళదు. బెర్లిన్‌లో దర్జాగా బతుకుతున్న ఒక యూదు కుటుంబం 1933లో ఉన్నపళంగా ఇల్లు వదిలేసి స్విట్జర్లాండ్ వెళ్తుంది, అక్కణ్ణుంచి ప్యారిస్, చివరికి లండన్, అంతే కథ. ఆ నలుగుర్లో ఎవరి ఒంటి మీదా దెబ్బ పడదు. అయినా చాలా చోట్ల ఊపిరి బిగబట్టే చదవాల్సొస్తుంది, ఎందుకంటే ముందు ముందు ఏం జరగబోతోందో ఆ ఇంటి పిల్ల తొమ్మిదేళ్ళ ఆనాకి తెలీదు, చదివేవాళ్ళకి తెలుసు. పుస్తకం బలమంతా ఆ తేడాలోనే ఉంది, పక్కన నిలబడి చరిత్ర పాఠం చెప్పాలన్న ఆశని రచయిత్రి చివరిదాకా ఆపుకున్నారు కాబట్టే అది నిలబడింది.

నవల అన్నా కానీ ఇది చాలావరకు ఆవిడ సొంత కథే. జూడిత్ కెర్ 1923లో బెర్లిన్‌లో పుట్టారు. వాళ్ళ నాన్న ఆల్ఫ్రెడ్ కెర్ అప్పట్లో జర్మనీలో పేరుమోసిన నాటక విమర్శకుడు, ఆయన ఒక నాటకాన్ని మెచ్చుకుంటే ఆడేది, తిడితే పడిపోయేది అన్నంత పలుకుబడి. అమ్మ యూలియా సంగీతం కట్టేవారు. హిట్లర్ అధికారంలోకి రాకముందు నుంచే ఆల్ఫ్రెడ్ నాజీల మీద పత్రికల్లోనూ రేడియోలోనూ గట్టిగా విరుచుకుపడ్డారు, కాబట్టి 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయిన రోజే ఆయనకి ముప్పు ఖాయమైపోయింది. ఫిబ్రవరి మధ్యలో, జ్వరంతో మంచం మీద ఉండగా, పాస్‌పోర్ట్ లాక్కోబోతున్నారని ఒక పోలీసు ఆయన రహస్యంగా ఫోన్ చేసి చెప్పాడు. ఆ జ్వరంతోనే లేచి ప్రాగ్ వెళ్ళిపోయారు. ఫిబ్రవరి 27న జర్మన్ పార్లమెంట్ భవనం తగలబడింది, మర్నాటికల్లా పౌరహక్కులు రద్దయ్యాయి. మార్చి 5న ఎన్నికలు, దానికి ముందురోజు, అంటే మార్చి 4న, తల్లీ ఇద్దరు పిల్లలూ రైలెక్కి దేశం దాటేశారు. ఎన్నికల మర్నాడు పొద్దున్నే పాస్‌పోర్టుల కోసం ఇంటికి మనుషులొచ్చారని జూడిత్ తర్వాత చాలాసార్లు చెప్పారు.

మే 10న బెర్లిన్‌లో పుస్తకాలు తగలబెట్టినప్పుడు రచయితల పేర్లు ఒక్కొక్కటీ పిలిచి మరీ మంటల్లో వేశారు కదా, ఆ పిలిచిన పేర్లలో ఆల్ఫ్రెడ్ కెర్ పేరు ఉంది. ఆగస్టులో నాజీ ప్రభుత్వం 33 మందికి పౌరసత్వం తీసేస్తూ మొదటి లిస్టు ఇచ్చింది, అందులోనూ ఆయనున్నారు.

ఇంత చరిత్ర ఉన్న ఇంట్లోంచి వచ్చిన మనిషి ఈ కథని ఎక్కడ మొదలెట్టారో చూడాలి. ఇద్దరు ఆడపిల్లలు స్కూలు నుంచి ఇంటికి నడిచి వస్తుంటారు, దారిలో గోడ మీద హిట్లర్ పోస్టర్. ఆనా ఫ్రెండ్ ఎల్స్‌బెత్ చెల్లెలు ఆ మీసాలు చూసి చార్లీ చాప్లిన్ అనుకుందట. హిట్లర్‌కి యూదులంటే పడదనే మాట వస్తుంది, తనూ యూదురాలినేనని ఆనా చెప్తే ఎల్స్‌బెత్ నమ్మదు. తాము యూదులమన్న సంగతి ఆనాకి మాత్రం పెద్దగా పట్టిందా అంటే అదీ లేదు, ఇంట్లో పూజలూ ప్రార్థనలూ ఏవీ లేవు, నాన్న ఈమధ్యే ఒకసారి చెప్పాడు కాబట్టి తెలుసు, అంతే. జర్మనీలో అప్పటికున్న సుమారు 5 లక్షల మంది యూదుల్లో చాలామంది పరిస్థితి ఇదే, జనాభాలో ఒక శాతం కూడా లేరు, భాష జర్మన్, చదువు జర్మన్, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫునే పోరాడారు. నువ్వు మావాడివి కాదు అని ఒక పొద్దున ప్రభుత్వం చెప్తే ఎంత విడ్డూరంగా ఉంటుందో ఈ స్కూలు పిల్లల కబుర్లలో రెండు పేజీల్లో తెలిసిపోతుంది.

టైటిల్‌లో ఉన్న కుందేలు సంగతి. ఇల్లు వదిలేటప్పుడు ఒక్క బొమ్మ మాత్రమే పెట్టుకోమంటారు. ఆనా దగ్గర పాత పింక్ కుందేలు ఉంది, కొత్తగా వచ్చిన ఊలు కుక్కపిల్ల ఉంది, అది కొత్తది, ఇంకా సరిగ్గా ఆడుకోలేదు కదా అని కుక్కపిల్లని తీసుకెళ్తుంది. ఎలాగూ కొన్నాళ్ళలో తిరిగొచ్చేస్తాం అనే ధీమా. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఉండగా తెలుస్తుంది, నాజీలు వాళ్ళ ఇంట్లో సామానంతా జప్తు చేశారని. పియానో, సోఫాలు, పుస్తకాలు అన్నీ పోయాయని పెద్దవాళ్ళు నలిగిపోతుంటే ఆనా బుర్రలో తిరిగేది ఒక్కటే, తన కుందేలుతో ఇప్పుడు హిట్లర్ ఆడుకుంటున్నాడన్నమాట. చదివేవాళ్ళకి నవ్వొస్తుంది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పిల్ల అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు, దొంగతనం నిజంగానే జరిగింది, చేసింది ప్రభుత్వం. దేశం వదిలిపోయేవాళ్ళ దగ్గర ఆస్తి గుంజుకోవడం ఆ తర్వాత ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతి, దేశం వదిలేవాళ్ళ మీద అంతకు ముందే ఉన్న పన్నుని నాజీలు యూదుల్ని దోచుకోడానికి వాడుకున్నారు. ఇదంతా నవల్లో ఉండదు. ఒక కుందేలు ఉంటుంది.

సరిహద్దు దాటే సీన్ దగ్గర కాస్త ఆగాలి. రైల్లో అమ్మ, అన్నయ్య మాక్స్, ఆనా, వాళ్ళ పెట్టెలోనే పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చిన ఒకావిడ. పాస్‌పోర్ట్ చూసే మనిషి వచ్చినప్పుడు నోరెత్తకూడదని పిల్లలకి ముందే చెప్పి ఉంచారు. అమ్మ చేతిలో హ్యాండ్‌బ్యాగ్, దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో ఆనా చూస్తుంది. అమ్మకి భయంగా ఉంది అని రచయిత్రి అనరు, పిల్ల కంటికి కనపడేది ఆ చేతులే కాబట్టి చేతుల గురించే చెప్తారు. ఆఫీసరు వస్తాడు, చూస్తాడు, పోతాడు. ఏమీ జరగదు. మామూలు థ్రిల్లర్ రాసేవాళ్ళయితే ఇక్కడ ఒక అనుమానం, ఒక గొడవ, చివరి నిమిషంలో తప్పించుకోవడం పెట్టేవాళ్ళు. ఇక్కడ ఏమీ జరగకపోవడమే పెద్ద సంఘటన, ఆ రోజు ఆ ఆఫీసరు ఇంకొంచెం శ్రద్ధగా చూసుంటే ఆ పేరు గుర్తుపట్టేవాడేమో అన్న ఆలోచన చదివేవాళ్ళకే వదిలేశారు.

ఇదే పద్ధతి మళ్ళీ బాసెల్ స్టేషన్‌లో. ప్యారిస్ వెళ్ళడానికి రైలు మారాలి, టైము లేదు, పోర్టరు వాళ్ళ సామాను గబగబా ఒక రైల్లో ఎక్కించేస్తాడు, అది వెళ్ళేది స్టుట్‌గార్ట్‌కి, అంటే తిరిగి జర్మనీకి. బోర్డు చదివింది ఆనా. అప్పటికి వాళ్ళ నాన్న తల మీద నాజీలు వెల కట్టేశారు, ఆ రైలు కదిలి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆ పోర్టరు తెలిసే చేశాడా, పొరపాటా అనేది చివరికీ తేలదు.

తల మీద వెల అన్నాం కదా, పుస్తకంలో మర్చిపోలేని చోటు అదే. ఎవరో అంటుంటే ఆనా వింటుంది, నాన్న తల మీద వెయ్యి మార్కులు పెట్టారని. ఆ మాటకి అర్థం తెలీదు. రాత్రి పడుకుని ఊహించుకుంటుంది, ఒక గదిలో నాన్నని కూర్చోబెట్టి పైకప్పులోంచి వెయ్యి నాణేలు తల మీద పోస్తున్నట్టు, ఆ బరువుకి ఊపిరాడక నాన్న కూలిపోతున్నట్టు. తర్వాత మాక్స్ అసలు అర్థం చెప్తాడు, పట్టిచ్చినవాళ్ళకి డబ్బిస్తారని. పిల్ల ఊహించుకున్నదే ఎక్కువ భయంకరంగా ఉందా, అసలుదా అంటే తేల్చి చెప్పడం కష్టం. ఇంకో చోట ఒక ప్రొఫెసర్‌ని క్యాంపులో కుక్కగూడు దగ్గర గొలుసుతో కట్టేసి, కుక్కలా బతకమన్నారనీ ఆయనకి పిచ్చెక్కిందనీ పెద్దవాళ్ళ మాటల్లో దొర్లుతుంది. మొత్తం నవల్లో నాజీ హింస నేరుగా వినపడే చోట్లు ఇలాంటివి బహు తక్కువ. అందుకే ఒక్కోటి వచ్చినప్పుడు అంత గట్టిగా తగులుతుంది.

యూలియస్ అంకుల్ లేకపోతే మాత్రం ఈ పుస్తకం సగం అబద్ధమయ్యేది. నాన్నకి పాత స్నేహితుడు, మ్యూజియంలో పని, జంతువులంటే ప్రాణం, రోజూ జూకి వెళ్ళి కోతుల్ని పలకరించి వస్తాడు. నాన్న జర్మనీ వదులుతుంటే ఇంత తొందరెందుకు, ఇదంతా నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది అనే రకం. తను యూదుణ్ణని ఎప్పుడూ అనుకోలేదు కూడా, వాళ్ళ నానమ్మో అమ్మమ్మో ఒక్కరు యూదురాలు, అంతే. నాజీ లెక్కలకి అది చాలు. ఉద్యోగం పోతుంది. అది తట్టుకుంటాడు. చివరికి జూకి వెళ్ళే పాస్ కూడా లాగేసుకుంటారు. అప్పుడు నిద్రమాత్రలు మింగి చనిపోతాడు. కబురు ప్యారిస్‌కి ఉత్తరంగా వస్తుంది. ఒక జూ పాస్ తీసేస్తే మనిషి చచ్చిపోతాడా అని పైకి అనిపించొచ్చు, కానీ నాజీలు మొదట్లో చేసింది సరిగ్గా ఇదే, ఒక్కసారిగా చంపలేదు, ఉద్యోగం, తర్వాత స్కూలు, తర్వాత పార్కు బెంచీ, తర్వాత సినిమా హాలు, ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చారు. ముందే వెళ్ళిపోయిన కుటుంబం కథలో, ఉండిపోయినవాళ్ళకి ఏమైందో ఈ ఒక్క మనిషి ద్వారా చెప్పేశారు.

స్విట్జర్లాండ్ భాగం చూడ్డానికి హాయిగా ఉంటుంది, సరస్సు, పల్లెటూరి సత్రం, ఆ ఇంటి పిల్లలతో స్నేహం. కానీ అక్కడి పత్రికలు నాన్న రాసినవి వేసుకోవు, పక్కనున్న జర్మనీకి కోపం వస్తుందని భయం. తటస్థ దేశం అంటే శరణార్థికి ప్రాణం ఉంటుంది గానీ పని ఉండదన్నమాట. అదే సత్రానికి జర్మనీ నుంచి సెలవులకి ఒక కుటుంబం వస్తుంది, వాళ్ళ పిల్లలు ఆనా మాక్స్‌లతో బాగానే కలిసిపోతారు, తల్లి మాత్రం యూదు పిల్లలతో ఆడొద్దని ఆపేస్తుంది. మధ్యలో నలిగిపోయేది సత్రం వాళ్ళ పిల్లలు, ఇటా అటా అని. అక్కడే ఇంకోసారి నాన్న పిల్లలకి చెప్తాడు, మనం నిజాయితీగా ఉంటే సరిపోదు, మిగతావాళ్ళకంటే ఎక్కువ నిజాయితీగా ఉండాలి, వాళ్ళు చెప్పే అబద్ధాలకి మనమే జవాబు అని. ప్రేమతోనే చెప్తాడు, కానీ తొమ్మిది పదేళ్ళ పిల్లల నెత్తిన అది ఎంత బరువు! నిందలు వేసేది వాళ్ళు, రుజువు చేసుకోవాల్సింది వీళ్ళు.

ప్యారిస్‌కి వచ్చేసరికి కథ మారిపోతుంది, ఇక్కణ్ణుంచి ఇది డబ్బు కథ. బెర్లిన్‌లో పనివాళ్ళున్న ఇల్లు, పిల్లల్ని పెంచిన హైంపీ, ఇప్పుడు ఇరుకు ఫ్లాటు. హైంపీని తెచ్చుకోడానికి డబ్బుల్లేవు. పియానో వాయించడం తప్ప ఇంటి పని తెలీని అమ్మ వంట నేర్చుకోవాలి, గుడ్డలకి మాట్లు వేయాలి, మోయలేని చోట విసుక్కుంటుంది, ఏడుస్తుంది. నాన్న జర్మన్ భాషలో మహారాజు, ఆ భాషలో వేసుకునే పత్రిక లేకపోతే ఆయన చేతిలో ఇంకేమీ లేదు, ప్యారిస్‌లో వచ్చే కొద్దిపాటి డబ్బు అద్దెకే చాలదు. అద్దె ఆలస్యమైతే ఆ బిల్డింగు చూసుకునే ఆవిడ మొహం మీదే అనేస్తుంది, మీలాంటివాళ్ళని వదిలించుకుని హిట్లర్ మంచి పని చేశాడని. నాజీలు లేని ఊళ్ళో, జర్మన్ కూడా కాని మనిషి నోట్లోంచి వచ్చే ఈ మాట పుస్తకంలో చాలా కీలకం, యూదుల మీద ద్వేషం జర్మనీ సరిహద్దు దగ్గర ఆగిపోలేదని పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంకోవైపు పిల్లలు పైకి లేస్తుంటారు. మాక్స్ బెర్లిన్‌లో చదువంటే బద్ధకించే పిల్లాడు, ఇక్కడ పట్టుబట్టి ఫ్రెంచ్ పిల్లల్ని దాటేసి బహుమతి కొడతాడు. ఆనాకి నెలల తరబడి ఫ్రెంచ్ ఒంటబట్టదు, ప్రతి వాక్యం ముందు జర్మన్‌లో అనుకుని తర్వాత మార్చుకోవాలి, ఒకరోజు ఉన్నట్టుండి ఆలోచించకుండానే మాట వచ్చేస్తుంది, ఆ తర్వాత ఇక ఆగదు. పెద్దవాళ్ళు దిగిపోతున్నారు, పిల్లలు ఎక్కుతున్నారు, ఒకే ఇంట్లో ఒకే రోజుల్లో. ఇది వలస వెళ్ళిన ఏ కుటుంబంలో అయినా కనపడేదే, కానీ చాలా పుస్తకాలు ఒకవైపే చూపిస్తాయి, పిల్లల విజయమో పెద్దవాళ్ళ విషాదమో. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి నడవడం ఇక్కడ బాగా కుదిరింది. డబ్బు గొడవలు పిల్లల చెవిన పడకూడదని తలుపేసుకుని మాట్లాడుకునే ఇళ్ళు మనకి కొత్త కాదు, పిల్లలు ఆ తలుపు అవతలనుంచే అన్నీ వినేస్తారనీ తెలుసు, ఆనా వినేది కూడా అలాగే.

ఒక దశలో పిల్లల్ని కొన్నాళ్ళు అమ్మమ్మ దగ్గరికి పంపిద్దామా అనే ఆలోచన వస్తుంది, పరిస్థితులు కుదుటపడేదాకా. ఆనా ఒప్పుకోదు. నలుగురం కలిసి ఉన్నంతకాలం ఎక్కడున్నా పర్లేదు, విడదీస్తే మాత్రం అప్పుడు నిజంగా శరణార్థినైపోతాను అనేది ఆ పిల్ల లెక్క. ఇది చదివేటప్పుడు 1938 గుర్తు రాకుండా ఉండదు. ఆ ఏడాది డిసెంబర్ నుంచి 1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలయ్యేదాకా సుమారు 10 వేల మంది పిల్లల్ని, ఎక్కువగా యూదు పిల్లల్ని, తల్లిదండ్రులు లేకుండా రైళ్ళలో బ్రిటన్‌కి పంపించారు, వాళ్ళలో చాలామంది అమ్మానాన్నల్ని మళ్ళీ చూడలేదు. ఆనాకి దక్కింది ఎంత పెద్దదో ఆ పక్కన పెట్టి చూస్తే గానీ తెలీదు.

ఈ పుస్తకం మీద ఒక విమర్శ ఎప్పుడూ ఉంటుంది, మరీ మెత్తగా ఉంది, పిల్లలకి ప్రవాసం ఒక విహారయాత్రలా కనపడుతుంది అని. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ కుటుంబానికి చాలా కలిసొచ్చాయి. చేతిలో పాస్‌పోర్టులున్నాయి, హెచ్చరించిన మనిషి ఉన్నాడు, నాన్నకి దేశదేశాల్లో పేరుంది, రైలు టికెట్లకి డబ్బులున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ముందుగా కదిలారు. 1933లో జర్మనీ వదిలిన యూదులు 37 వేల మంది దాకా ఉంటారు, ఇంకా చాలామంది యూలియస్ లాగే ఆగి చూద్దామనుకున్నారు. 1938 అక్టోబర్ నుంచి యూదుల పాస్‌పోర్టుల మీద జె అనే అక్షరం ముద్ర వేయడం మొదలైంది, అదే ఏడాది జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాఁలో 32 దేశాలు కూర్చుని శరణార్థుల గురించి మాట్లాడుకుని, దాదాపు ఎవరూ తలుపులు తియ్యకుండానే లేచిపోయాయి. 1940లో జర్మన్ సైన్యం ప్యారిస్‌లోకి వచ్చింది, అక్కడే ఉండిపోయి ఉంటే ఈ నలుగురి సంగతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. కెర్ కుటుంబం 1936లోనే లండన్ చేరిపోయింది, అదీ ఒక సినిమా కథ వల్ల, నెపోలియన్ తల్లి మీద ఆల్ఫ్రెడ్ రాసిన స్క్రిప్టుని బ్రిటన్‌లోని నిర్మాత అలెగ్జాండర్ కోర్డా కొన్నారు. ఆ సినిమా ఎప్పటికీ తీయలేదు. ఆ డబ్బు మాత్రం నలుగుర్ని కాపాడింది.

అయితే ఈ అదృష్టాన్ని రచయిత్రి దాచిపెట్టలేదు. గొప్పవాళ్ళందరికీ కష్టాల బాల్యం ఉంటుందని ఆనా ఎక్కడో చదివి, మరి నాకు అలాంటిది లేదే అని దిగులు పడుతుంది, చివర్లో లండన్‌లో దిగాక కూడా, మా బాల్యాన్ని కష్టాల బాల్యం అనలేం అనే తేల్చుకుంటుంది. మెత్తగా ఉందనేవాళ్ళు దీన్నే చూపిస్తారు. నిజానికి అది అమ్మానాన్నలు గెలిచారనడానికి సాక్ష్యం, భయం తమ దగ్గరే ఆపేసుకున్నారు, పిల్లలదాకా రానివ్వలేదు, దానికి వాళ్ళు ఎంత మూల్యం చెల్లించారో తర్వాతి పుస్తకాల్లో తెలుస్తుంది. పెద్దయ్యాక జూడిత్ కెర్ కూడా తనకి దొరికినదాన్ని మర్చిపోలేదు, 2013లో వచ్చిన తన బొమ్మల పుస్తకాన్ని, తనకి దక్కిన అదృష్టం దక్కని 15 లక్షల మంది యూదు పిల్లలకీ, వాళ్ళు వేసి ఉండే బొమ్మలకీ అంకితమిచ్చారు.

అసలు ఈ నవల పుట్టిన కారణం కూడా ఇంట్లోదే. 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా చూసి, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది అని వాళ్ళబ్బాయి అన్నాడట. అలా కాదురా అని చెప్పడానికే రాశానని ఆవిడ చెప్పేవారు. అప్పటికే 1968లో 'ద టైగర్ హూ కేమ్ టు టీ' అనే, టీకి వచ్చిన పులి బొమ్మల కథతో బ్రిటన్‌లో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసిన పేరు ఆవిడది.

జర్మనీలో ఈ పుస్తకం కథ వేరు. 1973లో జర్మన్‌లోకి వచ్చింది, 1974లో అక్కడి బాలసాహిత్య పురస్కారం అందుకుంది, ఆ తర్వాత స్కూళ్ళలో తరం తర్వాత తరం చదువుతూనే ఉంది. తండ్రి పుస్తకాలు తగలబెట్టిన ఊళ్ళో ఇప్పుడు కూతురి పేరుతో స్కూలుంది, అదీ జర్మన్, ఫ్రెంచ్ రెండు భాషల్లో చెప్పే ప్రైమరీ స్కూలు. 2019లో కారోలీన్ లింక్ దీన్ని సినిమాగా తీశారు, జూడిత్ కెర్ ఆ ఏడాది మే నెలలోనే 95 ఏళ్ళ వయసులో చనిపోయారు, సినిమా డిసెంబర్‌లో విడుదలైంది. జర్మనీలో, బ్రిటన్‌లో పిల్లల్ని చదివించుకుంటున్న తెలుగువాళ్ళకి ఇది పిల్లల స్కూలు బ్యాగులోనే కనపడే అవకాశం ఎక్కువ, కనపడితే పెద్దవాళ్ళు కూడా ఒకసారి చదవడం మంచిది, ఎందుకంటే పిల్లలు ఆనాతో పాటు వెళ్తారు, పెద్దవాళ్ళ కళ్ళు మాత్రం ఆ తల్లి మీదే ఉంటాయి.

తొమ్మిది పదేళ్ళ నుంచి చదివించొచ్చు. యూలియస్ చావు దగ్గర, ఆ ప్రొఫెసర్ మాట దగ్గర మాత్రం పక్కన ఎవరైనా ఉంటే నయం, ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. తర్వాతి రెండు భాగాలు ఇదే వయసుకి కాదు. రెండోదాంట్లో యుద్ధకాలం లండన్, బాంబులు, నాజీల నుంచి పారిపోయి వచ్చిన అన్నయ్యని జర్మన్ పౌరుడని చెప్పి బ్రిటన్ ప్రభుత్వమే నిర్బంధంలో పెట్టడం, ఇది కూడా నిజంగా జరిగిందే, జూడిత్ అన్నయ్య మైకేల్‌ని 1940లో అలాగే పట్టుకెళ్ళారు, ఆ మైకేలే తర్వాత ఇంగ్లండ్ అప్పీల్ కోర్టులో జడ్జి అయ్యారు. మూడోది 1956లో బెర్లిన్‌లో నడుస్తుంది, పెళ్ళైన ఆనా, ఆత్మహత్యకి ప్రయత్నించిన తల్లి మంచం పక్కన. రైల్లో హ్యాండ్‌బ్యాగ్ అంత గట్టిగా పట్టుకున్న ఆ తల్లి లోపల ఇన్నేళ్ళూ ఏం మోసిందో చెప్పేది ఆ మూడో పుస్తకమే, కాబట్టి పిల్లలకి మొదటిది ఇచ్చి పెద్దవాళ్ళు మూడూ చదివితే ఈ కథ పూర్తిగా చదివినట్టు.